సాగనంపే రొట్టె

గ్లాఫీరా అటక మీంచి ఆ చెక్క అచ్చును దించడం చూసి అత్తగారు ఉలిత గుండె గుభేలుమంది.

తేనె, అల్లం, లవంగాలు కలిపిన పిండిని ఏ అచ్చులోనైనా ఒత్తి కాల్చవచ్చు. ఇంట్లో చేప అచ్చుంది, కోడిపుంజు అచ్చుంది. కోడలు దించింది మాత్రం గుర్రపుబండి అచ్చు. గొరొదెత్స్ ఊళ్ళో ఆ రొట్టె చేతిలో పెట్టారంటే ఇక కోటు తొడుక్కుని బయల్దేరమని. నోటితో ఎవరూ ఏమీ అనరు.

"చూశావా వదినా?" కొన్నాళ్ళుగా ఈ ఇంట్లోనే ఉంటున్న ఫెదోస్యా పక్కనే ఊలు వడుకుతూ గొంతు తగ్గించింది. "నేను చెబితే నమ్మలేదు. నిన్ను పెద్దకొడుకు దగ్గరికి తోలేస్తారు."

"ఛ, గ్లాఫీరా అలాంటిది కాదు."

"దాని సంగతి నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. లోపలొకటి, పైకొకటి."

పెద్దకొడుకు ఇంట్లో ఉలితను ఆవుల కొట్టం పక్కన పడుకోబెట్టేవారు. అక్కడ పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు. ఇక్కడికి వచ్చాకే పెద్ద ఇటుక పొయ్యి మీద పడుకునే వెచ్చటి అరుగు దక్కింది. మళ్ళీ ఆ కొట్టానికి పోతే ఈ చలికాలం దాటదు.

ఉలిత ఉండబట్టలేక అడిగేసింది. "ఎవరికే ఆ రొట్టె?"

"కాలనివ్వండి అత్తయ్యా. మీరే చూస్తారుగా."

గ్లాఫీరా మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "పొగ" అంది. పొయ్యిలో పొగే లేదు.

"దొంగ ఏడుపు!" ఫెదోస్యా గుసగుసలాడింది. "అదిగో, నీ కొడుకు మంచుబండికి గుర్రాన్ని కూడా కడుతున్నాడు."

ఉలిత కిటికీలోంచి చూసింది. చిన్నకొడుకు ఎర్మొలాయ్ నిజంగానే కడుతున్నాడు. ఆమె మెల్లగా అరుగు దిగి, శాలువా, ఉన్ని మేజోళ్ళు మూట కట్టుకుంది.

"అదీ మర్యాద. రొట్టె పెట్టేదాకా ఎందుకు, నువ్వే ముందు బయల్దేరు" అంది ఫెదోస్యా. "అరుగు సంగతి నేను చూసుకుంటాలే."

ఇంతలో గ్లాఫీరా రొట్టెను తువ్వాల్లో పెట్టుకుని వచ్చింది. ఉలిత చేతులు చాపింది.

"చేతులు దించండి అత్తయ్యా. ముందు ఆ మూట విప్పండి."

గ్లాఫీరా పక్కకు తిరిగి రొట్టెను ఫెదోస్యా ఒళ్ళో పెట్టింది.

"ఏమిటే ఇది?"

"బండి నీకోసమే కట్టారు. అత్తయ్య చెవిలో నువ్వు ఊదినవన్నీ విన్నాను. ఆ అరుగు ఆవిడది."

ఫెదోస్యా చేతిలోని కదురు జారిపోయింది. "పొమ్మంటున్నావా? నన్నా?"

గ్లాఫీరా ఈసారి కళ్ళు తుడుచుకోలేదు.

"కన్నతల్లివని ఇన్నాళ్ళూ ఊరుకున్నానమ్మా."