మనవరాలి తెలివికి పరీక్ష

ఏడేళ్ల పిల్ల తెలివి కొలిపించడానికి సాలూరు నుంచి విజయనగరం దాకా రావడమేమిటని సీతారామారావుకు ఒళ్లు మండిపోతోంది. కొడుకు సరుకు వెంట లారీల్లో తిరుగుతుంటాడు. ఇంట్లో కోడలు హైమ రాజ్యం. క్లాసులో దీపిక దిక్కులు చూస్తోందని టీచరు అందట. వాట్సాప్‌లో ఎవరో పంపిన చిరునామా పట్టుకుని హైమ అందర్నీ బయల్దేరదీసింది.

"పిల్లకేటీ నేదని తేల్తే, ఇక ఇంటి సంగతి గానీ కొట్టు సంగతి గానీ నువ్వెత్తకూడదు. అన్నీ నా మాటే," అన్నాడు మెట్లెక్కుతూ.

"అలాగే మావయ్యగారూ," అంది హైమ.

చింతపండు వ్యాపారంలో సాలూరును ఏలిన మనిషాయన. తీసుకెళ్లి పొట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. గోడ నిండా కుందేళ్ల బొమ్మలు. ఎదురుగా సైకాలజిస్టు పద్మకుమారి. గట్టిగా ముప్పై ఏళ్లుండవు. ఈవిడట, బుర్రలు చూసేది.

"పాప బెదురుతోంది తాతగారూ. ముందు మీరు చెప్తే తనూ చెప్తుంది," అందామె.

పిల్ల కోసం తప్పుతుందా. సరేనన్నాడు.

"గొడుగు, రైలు, జామకాయ. ఈ మూడూ గుర్తుంచుకోండి, తర్వాత అడుగుతాను. ఇవాళ ఏం వారం?"

ఇదీ ఒక ప్రశ్నే.

"సోమారం."

దీపిక కిసుక్కున నవ్వింది. "గురువారం తాతా."

"నీకు తెల్సో నేదో అని అలాగన్నానే," అని పిల్ల బుగ్గ గిల్లాడు. సైకాలజిస్టు ఏదో రాసుకుంది. వేళాకోళం కూడా తెలియని మనిషి.

తర్వాత రంగు చెక్కముక్కలు బయటికొచ్చాయి. బొమ్మలో ఉన్నట్టు పేర్చాలట. ఆయన రెండు ముక్కలు అటూ ఇటూ తిప్పి పక్కకు నెట్టేశాడు.

"యాపారం సేసుకునేవోడితో ఈ ఆటలేటమ్మా? పిల్లకియ్యండి."

దీపిక చకచకా పేర్చేసింది. ఆయన మీసం దువ్వుకున్నాడు.

"ఇందాకటి మూడు మాటలు చెప్పండి," అంది పద్మకుమారి.

"ఏ మాటలు? నాకెవలూ ఏటీ సెప్పనేదు."

"గొడుగు, రైలు, జామకాయ," అని దీపిక గడగడా అప్పజెప్పింది.

"అదిగో. దానికి సెప్పి నన్నడుగుతారేటి? సూడమ్మా హైమా, సెప్పకుండానే సెప్పినానంటాది ఈవిడ."

ఇలా మొహం మీదే అబద్ధాలాడే మనిషికి బోర్డొకటి, అపాయింట్‌మెంటొకటి. హైమ తల వంచుకుంది. ఈపాటి సిగ్గయినా ఉన్నందుకు సంతోషించాలి.

చివరికి తేలిందేమిటి? దీపికకు ఏ లోపమూ లేదట. చక్కటి తెలివట. సాలూరులో కిళ్లీకొట్టువాణ్ని అడిగినా ఈ మాట నిలబడ్డపాటున చెప్పేవాడు.

"ఇన్నావు కదా. ఇక నా మాటే," అని కోడలికి గుర్తుచేసి సీతారామారావు దర్జాగా లేచాడు. తలుపు తీస్తే ఎదురుగా చీపుర్లు, బకెట్లు. తలుపులన్నిటికీ ఒకే రంగు వేసి చచ్చారు. "ఇటు తాతా," అని దీపిక చెయ్యి పట్టుకుని లాగింది. గెలిచిన మనిషిలా, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వాళ్ల అడుగుల చప్పుడు మెట్లమీద వినిపించాక, పద్మకుమారి గొంతు తగ్గించి, "పాప పేరు చెప్పి తీసుకొచ్చి మంచిపని చేశారమ్మా, మీ అనుమానమే నిజం, ఇక మావగారిని కొట్లో ఒంటరిగా వదలకండి," అంది.