ఒక్క ముక్కా మర్చిపోకుండా

“ఏమండీ, తాళాలు తీసుకున్నారా? కళ్లజోడు? ఆ ఫోను ఇలా ఇవ్వండి, మీ దగ్గరుంటే గోవిందా!”

ప్రొఫెసరమ్మ భర్త ఫోను లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో పడేసింది. ఆయన రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి వచ్చిన మనిషి. పిండిలో ఉప్పు వేశాడో లేదో గుర్తులేక రెండోసారి వేసే ఘనుడు. ఆవిడేమో జ్ఞాపకశక్తి మీద పరిశోధనలు చేసి పేరు తెచ్చుకుంది. దేవుడు జోడీలు భలే కలుపుతాడు.

“సరే తల్లీ,” అంటూ ఆయన వెనక సీట్లో దుప్పటి ముసుగేసుకుని ముడుచుకున్నాడు.

ఇవాళ ఆవిడకి అగ్నిపరీక్ష. నిండు సభలో, కాగితం చూడకుండా, గంటసేపు ఉపన్యాసం. జ్ఞాపకశక్తి గురించి చెబుతూ మధ్యలో మర్చిపోతే అంతకన్నా నగుబాటు ఉంటుందా? అందుకే స్టీరింగు పట్టి కారు కదిలించిందో లేదో, ఆయనకే అప్పజెప్పడం మొదలుపెట్టింది.

“వింటున్నారా? కంటపడ్డదీ చెవినపడ్డదీ ముందు మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం చేతికొస్తుంది. సముద్రపు గుర్రంలా ఉంటుందిలెండి.”

“ఊఁ,” అంది దుప్పటి.

“మనం నిద్రపోయినప్పుడు అది వాటిని కొంచెం కొంచెంగా కార్టెక్స్‌కి, అంటే మెదడు పైపొరకి అప్పగిస్తుంది. అక్కడికి చేరినవి ఏళ్ల తరబడి నిలుస్తాయి.”

“అయితే నన్ను నిద్రపోనీ!”

పెట్రోలు బంకులో కారు ఆగింది గానీ ఆవిడ పెదాలు ఆగలేదు. మెదడులో భావోద్వేగాల్ని చూసుకునే అమిగ్డాలా దగ్గర తడబడింది. కళ్లు మూసుకుని మళ్లీ మొదటి నుంచి అందుకుంది. చుట్టూ కారు తలుపుల చప్పుళ్లు, హారన్లు. ఏదీ చెవికెక్కలేదు. పెట్రోలు పోసినతను అద్దం తట్టేదాకా ఆవిడ ఈ లోకంలో లేదు.

రోడ్డెక్కాక జోరందుకుంది.

“మనసుకి గట్టిగా తగిలినదానికి అమిగ్డాలా వత్తాసు పలుకుతుంది. ఇక అది ఓ పట్టాన చెరగదు. కానీ మనం ధ్యాస పెట్టనిది మాత్రం మెదడు గడపే తొక్కదు! ఎలా ఉందండీ?”

అద్దంలో దుప్పటి కదల్లేదు. నిద్రపోయారు పాపం, అనుకుంది. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. గొంతు తగ్గించి మిగతాది కానిచ్చింది.

హాలు ముందు కారు ఆపేసరికి ఆఖరి వాక్యం కూడా పూర్తయింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“ఏమండీ, లేవండి! ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒక్కటంటే ఒక్కటి మర్చిపోలేదు!”

ఫోను మోగింది. ఎవరిదో కొత్త నంబరు.

“అమ్మా, పెట్రోలు బంకు నుంచండీ, మీ నంబరు గడగడా అప్పజెప్పిన ఒకాయన, మీరు తనని ఇక్కడే మర్చిపోయి వెళ్లారంటున్నారు!”