వణుకు సరిపోలేదు

మంకీ క్యాపు ఒకటి సంపాదించాలి. ఉన్ని చేతితొడుగులు ఎవరినైనా అడగాలి. ఇనప సీటు మీద పరవడానికి గోనెసంచి, స్వెట్టరు లోపల గాలి దూరకుండా పెట్టడానికి పాత పేపర్లు, ఫ్లాస్కు నిండా అల్లం టీ సిద్ధం చేయాలి. అన్నిటికన్నా ముందు, టాపు లేని ట్రాక్టరున్న డ్రైవర్ని ఒకర్ని ఒప్పించాలి.

శ్యామ్ బాబు అన్నీ చేశాడు. చేయక తప్పదు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. కూలికి వెళ్ళే తండ్రి జోజి మాత్రం ఊరంతా "మావోడు ఆఫీసరు" అని చెప్పుకుంటాడు.

'చలిలో ట్రాక్టరు నడిపేవారికి జాగ్రత్తలు' అని వీడియో తీసి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఫైలు నాలుగు బల్లల మీద కునుకు తీసి అతని దాకా వచ్చేసరికి గడువు ఆ రోజుతో ముగుస్తోంది. సాయంత్రంలోగా వీడియో వెళ్ళకపోతే కాంట్రాక్టు పొడిగించేది లేదని అతని పై అధికారి మేడమ్ గారు తేల్చి చెప్పేశారు.

అప్పనపల్లి దగ్గర పొలంలో వెంకటరాజు గారు ట్రాక్టరెక్కి కూర్చున్నారు. ఒంటి మీది స్వెట్టరు, శ్యామ్ బాబు పిన్ని కువైట్ నుంచి పంపింది. కదిలితే చాలు, లోపలి పేపర్లు కరకరమంటున్నాయి. మెడకి మఫ్లరు. టోపీలోంచి కళ్ళు, ముక్కు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"మా పెళ్ళినాడు కూడా ఈయన్ని ఇంతలా ముస్తాబు చెయ్యలేదండీ," అంది కొబ్బరిచెట్టు కింద నిలబడ్డ ఆయన భార్య వీరలక్ష్మి. గట్టు మీది జనం నవ్వారు.

"నువ్వూరుకో. కుర్రాడి ఉద్యోగం నిలబడుద్దని వచ్చేను," అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "బాబూ, ఈ టోపీ ఒక్కటీ తీసేస్తేనండీ?"

"వద్దండి బాబాయ్ గారూ! చలి ముందు చెవుల్లోంచే దూరుతుందంట. ఉత్తర్వులో ఉందండి."

"ఆయ్. కాయితంలో ఉంటే కానివ్వండి."

మంచు కూడా కనబడాలట. తడి కొబ్బరి డొక్కలు పోగేసి నిప్పంటించారు. తెల్లటి పొగ ట్రాక్టరును కమ్మేసింది. వెంకటరాజు గారు దగ్గారు. దగ్గు బాగానే కుదిరింది, ఉంచేయొచ్చు అనుకున్నాడు శ్యామ్ బాబు.

మేడమ్ గారు ఫోనులో వీడియో కాల్‌కి వచ్చారు. ఆవిడ ఆఫీసు నుంచే చూస్తూ రికార్డు చేయిస్తున్నారు. భుజాల చుట్టూ శాలువా బిగించుకుని ఉన్నారు.

"గదిలో కూర్చున్న నాకే వణుకొస్తోంది. మీ డ్రైవరేంటి, రాయిలా ఉన్నాడు? వణకమనండి."

వెంకటరాజు గారు వణికారు. కొత్తల్లుడిలా మొహమాటపడుతూ వణికారు.

"వణుకు సరిపోలేదు," అన్నారు మేడమ్ గారు. "వేడి టీ తాగించండి. ఇంజను దగ్గర చేతులు కాచుకోమనండి."

ఆయన టీ తాగారు. ఇంజను మీదికి వంగి చేతులు కాచుకున్నారు. "ఓ గుక్కెడు మంచినీళ్ళు..." అన్నారు.

"ఈ ఒక్క షాటేనండి. అయిపోయినట్టే," అన్నాడు శ్యామ్ బాబు. ఆ మాట అనడం అది మొదటిసారి కాదు.

వీరలక్ష్మి నవ్వు ఆగిపోయింది. "బాబూ, ఇంక చాలండి. ఆయన మొహం ఎలా ఉందో చూసేరా?"

"మొహం టోపీలో ఉంది కదండీ పిన్నిగారూ."

అంతలో వెంకటరాజు గారు నిజంగానే వణకడం మొదలుపెట్టారు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చేతులు స్టీరింగు మీద నిలవడం లేదు. శ్యామ్ బాబుకి ప్రాణం లేచొచ్చింది.

"అదీ! వణుకంటే అదీ!" అని మేడమ్ గారు చప్పట్లు కొట్టారు. "ఎంత సహజంగా ఉందో! కదపకండి, ఫోను కదపకండి!"

శ్యామ్ బాబు కదపలేదు. వెంకటరాజు గారు స్టీరింగు మీదికి మెల్లగా వాలిపోయారు. వీరలక్ష్మి కేక విన్నాకే అతను ఫోను పారేసి పరిగెత్తాడు.

వీడియో సాయంత్రంలోగా పైకి వెళ్ళింది. కాంట్రాక్టు పొడిగించారు. ప్రశంసాపత్రం మేడమ్ గారికి వచ్చింది.

ఆ వీడియో ఎప్పుడైనా మీ ఫోనులోకి వస్తే, రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నపు ఎండలో అంత చక్కగా చలికి వణికి, వడదెబ్బతో అమలాపురం ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకున్న వెంకటరాజు గారిని ఒక్కసారి తలుచుకోండి.