అవ్వ రాసిన మందు

జయమ్మాళ్ తుమ్మిన తుమ్ముకు ఉయ్యాలలో పాప ఉలిక్కిపడి లేచింది. జయమ్మాళ్ చెంగుతో ముక్కు తుడుచుకుని అదే చేత్తో మనవరాలిని ఎత్తుకోబోయింది. కోడలు అనుప్రియ వంటింట్లోంచి పరుగున వచ్చి పాపను అందుకుంది.

"అత్తా, రెండు దినాలుగా నీకు జ్వరం. పాపకు మూడు నెలలు కూడా నిండలా. దగ్గేవాళ్లను దగ్గరికి రానీయొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా."

"నా దగ్గు నా మనవరాలిని ఏం చేస్తాదే? నలుగురిని పెంచినదాన్ని నేను."

"పోనీ, కదిర్కామం ఆస్పత్రికి పోయొద్దాం."

"పోతే లేని రోగం కూడా అంటగట్టి పంపిస్తారు."

వారంగా ముసురు. మురుంగపాక్కంలో వాళ్ల వీధి వీధంతా దగ్గుతోంది. జయమ్మాళ్ మాత్రం పాపకు నీళ్లు పోయడం, ముద్దులు పెట్టడం మానలేదు. మామ నటేశన్ ముప్పై ఏళ్లు కరెంటు ఆఫీసులో పనిచేసిన మనిషే కానీ, ఇంట్లో ఒక్క స్విచ్చు కూడా ఆయన చేతిలో లేదు. భర్త వెట్రివేల్ సేదరపేట్ ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లాడు. పసిదానికి ఆ జ్వరం అంటుకుంటే ఏమవుతుందోనని అనుప్రియకు భయంతో ఏడుపొచ్చినంత పనైంది.

"మా అత్త రాసిన మందు ఉండగా ఆస్పత్రి ఏంది?" అంటూ జయమ్మాళ్ పూజ గదిలోంచి ఒక కాగితం తెచ్చింది.

అది నటేశన్ తల్లి పూంగావనం జలుబుకు రాసిపెట్టి పోయిన మందు. రాసింది తెలుగులో. ఆ ఇంట్లో మాట తెలుగే అయినా అందరూ బళ్లో నేర్చింది తమిళ అక్షరాలు. పూంగావనం పోయాక దాన్ని చదివే దిక్కు లేక, ఇరవై ఏళ్లుగా కాగితానికి కుంకుమ బొట్టు పెట్టి, గుర్తున్నవేవో కాచుకుని తాగుతున్నారు. పోయినేడు పెళ్లి మాటల్లో మధ్యవర్తి "పిల్లకు తెలుగు చదవను రాయను వచ్చు" అనగానే జయమ్మాళ్ మరో మాట లేకుండా సంబంధం ఖాయం చేసుకుంది. పెళ్లయ్యాక కాగితం తీయాల్సినంత జలుబు ఇంట్లో ఎవరికీ రాలేదు.

"చదువమ్మే. ఒక్కటీ వదలొద్దు. మా అత్త ఎట్ల చెప్పిందో అట్లే చేస్తా."

అనుప్రియ కాగితం అందుకుని పాప వంక చూసింది. గొంతు సవరించుకుంది.

"మిరియాలు ఒక స్పూను, శొంఠి వేలెడు, తులసి గుప్పెడు. నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచాల."

"అదీ," అంది జయమ్మాళ్ గర్వంగా. "ఇంకా?"

"కషాయం తాగే మనిషి వేరే గదిలో పండుకోవాల. కిటికీ తెరిచి పెట్టాల. మూతికి గుడ్డ కట్టుకోవాల. దగ్గు పోయేదాకా పసిబిడ్డను ముట్టరాదు. ముడితే మందు పారదు."

జయమ్మాళ్ ముఖం చిన్నబోయింది. "ముట్టనే కూడదా?"

"అట్లే అత్తా. చేతులు మాటిమాటికీ సబ్బుతో కడుక్కోవాల."

"మా అమ్మ జన్మలో సబ్బు ముట్టలేదే?" అన్నాడు నటేశన్.

"సీకాయ మామా. నేనే సబ్బన్నా."

నటేశన్ కళ్లజోడు సర్దుకుని తొంగిచూశాడు. "ఉండేది నాలుగు వరసలు. అందులో ఇంత రాసిందా?"

"అవ్వది పొందికైన రాత."

"మీరు నోరు మూసుకోని వినండి," అని మొగుడిని కసిరింది జయమ్మాళ్. "నువ్వు చెప్పమ్మే."

"కషాయం సరుకు ఇంటి మగమనిషే దంచాల."

నటేశన్ కళ్లజోడు తీసేసి రోకలి వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

"ఆఖరుది అత్తా. మూడో దినానికి జ్వరం దిగకుంటే వైద్యుడికి చూపించాల."

జయమ్మాళ్ పూజ గది వంక తిరిగి దణ్ణం పెట్టింది. "మా అత్తే పొమ్మంటే పోక తప్పతాదా?"

అన్న మాట నిలబెట్టుకుంది. గుడ్డ కట్టుకుని పక్క గదిలో పడుకుంది. పాప ఏడ్చినప్పుడల్లా గుమ్మం దాకా వచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని వెనక్కి పోయేది. మూడో రోజూ ఒళ్లు కాలుతుంటే తనే ఆటో పిలిపించుకుని ఆస్పత్రికి వెళ్లింది. వారానికి లేచి తిరిగింది. పాపకు తుమ్మైనా రాలేదు. దగ్గు పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక జయమ్మాళ్ మనవరాలిని ఒళ్లో వేసుకుని, ఎదురింటి కయల్విళిని పిలిచి అత్తగారి గొప్ప చెప్పుకుంది.

ఆ సాయంత్రం వెట్రివేల్ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. "ఎవరి మాటా వినని మా అమ్మ దీని మాట విన్నాది. అడుగున చిన్నగా ఏదో ఉండాది చూడు. ఏం రాసింది మా అవ్వ?"

అనుప్రియ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది.

"నాకు తెలుగు చదవను యాడ వచ్చు?"