చప్పుడు లేని పెట్టె

ఊరి లెక్కలన్నీ ఇళ్లలోని కంప్యూటర్ల మీదే నడిచే కాలం కాబట్టి, గుంటూరులో ప్రతి హాల్లోనూ ఒక పెద్ద పెట్టె రాత్రింబవళ్లు రొద పెడుతూనే ఉంటుంది. జనం దానికి తగ్గట్టు గొంతులు పెంచుకున్నారు.

కంపెనీ తరఫున వచ్చిన కరీమున్నీసా, సాంబశివం ఇంట్లో పాత పెట్టె తీసేసి, పరీక్ష కోసం కొత్తది బిగించి స్విచ్ వేసింది.

"చెయ్యి పెట్టి చూడండి సార్."

అతను అరచెయ్యి ఆనించాడు. పాతదాని మీద సాక్సులు ఆరేసుకునేవాడు.

"కుండలా చల్లగా ఉందమ్మా. చప్పుడే లేదు, అసలు నడుస్తున్నట్టే లేదు," అని, అలవాటు కొద్దీ వంటింటి వైపు కేకేశాడు. "కనకా, రెండు కాఫీలు."

"రెండే. నువ్వూ తాగు అని ఈ జన్మకి అనడు," అంది లోపల అతని భార్య కనకదుర్గ, స్టవ్‌తో చెబుతున్నట్టు. ఆ గొంతులో కోపం లేదు. రోజూ అనే మాటలా ఉంది.

ఆమె నోట్లో నాలుక లేని మనిషని సాంబశివం పెళ్లయినప్పటి నుంచీ అందరికీ చెబుతూ వచ్చాడు.

కరీమున్నీసా తల దించుకుని తన ట్యాబ్‌లో ఏదో వెతుక్కుంది.

కనకదుర్గ ఎప్పటి ముఖంతోనే రెండు గ్లాసులు తెచ్చింది.

"నువ్వు తాగావా?" అన్నాడు సాంబశివం.

ఆమె అతన్ని చూసింది. తర్వాత పెట్టెని చూసింది.

"పాతదే మళ్లీ బిగించడానికి వీలవుతుందా అమ్మా?" అని కరీమున్నీసాని అడిగింది.

చాలా మెల్లగానే అడిగింది. అయినా ఇద్దరికీ వినబడింది.