పెర్సీ పరుగు

చర్చి గంట మోగింది.

గుంపులోంచి ఒక ముసలాయన విడిపోయి వంతెన మీదికి పరుగెత్తాడు.

"కట్! ఎవరయ్యా ఆ పెద్దాయన? అటెందుకు పోతున్నాడు?" అని అరిచాడు రోలాండ్ పాస్క్.

రోలాండ్ ఆ టీవీ హాస్య నాటకానికి రచయితా, దర్శకుడూ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ముప్పై ఏళ్ళవుతోంది. ఆ యుద్ధాన్నే తలుచుకుని ఇంగ్లండు మొత్తం ప్రతి శుక్రవారం కడుపు చెక్కలయ్యేలా నవ్వుతోందంటే అది ఈయన చలవే. అందులో పిరికి పెర్సీ అని ఒక సైనికుడుంటాడు. ఎక్కడ చప్పుడైనా సరే, చేతిలో ఉన్నది పారేసి పరుగు లంకించుకుంటాడు. బళ్ళో పిల్లలు కూడా పెర్సీ పరుగు పరుగెత్తి చూపిస్తారు.

ఈసారి సఫోక్ తీరాన ఒక చిన్న ఊళ్ళో షూటింగ్ పెట్టారు. యుద్ధకాలంలో చర్చి గంటలు కొట్టకూడదు. కొట్టారంటే జర్మన్లు దిగారని అర్థం. ఎవరో పొరబాటున గంట కొడతారు. శత్రువు దాటకుండా వెంటనే మీట నొక్కి వంతెన పేల్చాల్సిన పెర్సీ, మీట వదిలేసి ఊళ్ళోకి పారిపోతాడు. జనం అతని వెంట పడతారు. అదీ సీను.

ముసలాయన రొప్పుతూ వెనక్కి వచ్చాడు. పేరు విల్‌ఫ్రెడ్. ఆ ఊరివాడే.

"పరుగెత్తాల్సింది ఊరివైపు తాతా. వంతెన మీద ఏముందని?"

"బస్సుంది కదా బాబూ."

"అది ఖాళీ బస్సయ్యా. చూడ్డానికి పెట్టాం."

"తెలుసు. కానీ గంట వినేసరికి కాళ్ళు ఆగలేదు."

"యుద్ధంలో పనిచేశావా ఏంటి?"

"కొన్నాళ్ళు చేశాను. తర్వాత తీసేశారు."

అందరూ గొల్లుమన్నారు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వాడు.

రెండోసారీ అదే తంతు. సగం వంతెన దాకా పోయినవాణ్ణి పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఎండ తగ్గిపోతోంది. రోలాండ్‌కి ఒళ్ళు మండిపోయింది.

పబ్బు నడిపే ఎడ్నా అందరికీ టీ తెచ్చింది. శబ్దం రికార్డు చేసే హ్యూ తన కప్పు అందుకుని, "ఒక్క సీనుకి ఇంత కోపమెందుకు సార్?" అన్నాడు.

"ఇది నా సొంత కథ హ్యూ. నా ఏడో ఏట, లండన్ మీద బాంబులు పడుతుంటే, పిల్లల్ని బస్సెక్కించి పల్లెలకి పంపేశారు. సరిగ్గా ఈ వంతెన మీదే మా బస్సు ఆగిపోయింది. చీకటి. లైట్లు వెయ్యకూడదు. అప్పుడే గంటలు మోగాయి. బస్సంతా ఒకటే ఏడుపు."

"అయ్యో! తర్వాత?"

"చీకట్లోంచి ఎవరో ఒకాయన వచ్చాడు. మొహం కూడా కనబడలేదు. 'ఏడవకండిరా, బస్సుకి భయమేసింది, అంతే' అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళం ఫక్కున నవ్వేశాం. వాలు మీదికి తోశాడు, బస్సు కదిలింది, మరి ఆగలేదు. నేను విన్న మొదటి జోకు అదే. ఆ మహానుభావుడు కనబడితే ఊపిరున్నంత కాలం బీరు నేనే పోయిస్తాను."

"మరి వంతెన పేల్చలేదే?"

"మీట దగ్గరున్న పిరికిపంద పారిపోయాడని తర్వాత విన్నాను. వాడి పుణ్యమా అని బతికాం! వాణ్ణే పెర్సీని చేశాను."

హ్యూ నవ్వుకుంటూ వెళ్ళి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

మూడోసారి గంట మోగింది.

పెర్సీ వేషగాడు ఊళ్ళోకి పరుగెత్తాడు. జనమంతా అతని వెనకపడ్డారు. విల్‌ఫ్రెడ్ ఒక్కడే ఎదురు పరుగెత్తాడు. ఈసారి ఎవరికీ చిక్కలేదు. బస్సు వెనక్కి చేరి, భుజం ఆనించి, చక్రం పక్కన కూలబడ్డాడు.

రోలాండ్ మైకు లాక్కున్నాడు. "లే తాతా, లే! జర్మన్లు వెళ్ళిపోయారు! బస్సు చాటున దాక్కున్నావు, పెర్సీని మించిపోయావయ్యా నువ్వు!"

వంతెన దద్దరిల్లేలా నవ్వారు.

విల్‌ఫ్రెడ్ లేవలేదు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎడ్నా చేతిలో పళ్ళెం పారేసి పరుగెత్తింది. ఆయన మణికట్టు పట్టుకు చూసి, మెల్లగా కింద పెట్టింది.

"పోయాడు," అంది. తర్వాత రోలాండ్ వైపు తిరిగింది. "నవ్వండి. ఎందుకాపేశారు?"

"నాకు... నాకేం తెలుసమ్మా?"

"మీ పెర్సీ ఇతనే. ఆనాడు మీట వదిలేసి పోయింది ఇతనే. సైన్యం గెంటేసింది. పెళ్ళాడతానని తొడిగించుకున్న ఉంగరం తీసి నేనే మొహాన కొట్టాను. ఎక్కడికి పారిపోయావని అడిగితే ఒక్కసారి ఏదో చెప్పబోయాడు. ఊరంతా నవ్వేశాం. మళ్ళీ నోరెత్తలేదు. శుక్రవారం శుక్రవారం నా పబ్బులో ఓ మూల కూర్చుని, మీ నాటకం చూస్తూ మాతోపాటే నవ్వేవాడు."

రోలాండ్ మైకు కింద పెట్టేశాడు.

హ్యూ పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"సార్, బస్సు వెనక దాచిన మైకులో ఈయన గొంతు పడింది. మీరు వినాలి."

టేపు తిరిగింది. ముందు ఎగశ్వాస, బూట్ల చప్పుడు; ఆ తర్వాత, ఎవరూ లేని ఆ బస్సుని ఊరడిస్తూ ఆ గొంతు అంది: "ఏడవకండిరా, బస్సుకి భయమేసింది, అంతే."