మేకు పడని గోడ

గోడకున్న బీడింగ్ ముక్క మున్‌గారి చేతిలోకి ఊడి వచ్చింది.

ఆయన కావాలని పీకలేదు. కాబోయే అల్లుడి ఇల్లు చూద్దామని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, గది చుట్టూ నడుమెత్తున తీర్చిన ఆ తెల్లటి చెక్క బీడింగ్‌ను ముచ్చటపడి నిమిరాడు, అంతే. ముక్కను వెనక్కి తిప్పి చూశాడు. మేకు లేదు, మేకు కొట్టిన గుర్తూ లేదు. రెండువైపులా అంటుకునే టేపు మాత్రం నాలుక చాపినట్టు వేలాడుతోంది.

"ఇదేంటబ్బాయ్, గోడకి బీడింగ్ ఎవరైనా అంటిస్తారా?"

"ఇప్పుడు సియోల్ అంతా ఇదే ఫ్యాషన్ నాన్నగారూ," అన్నాడు తేసోక్.

"అప్పుడే నాన్నగారినైపోయానా?"

పక్కనే కూర్చుని బేరిపండు చెక్కు తీస్తున్న కూతురు నరే కిసుక్కున నవ్వింది. తేసోక్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఈ ఇల్లు తన సొంతమని నరేకి అబద్ధం చెప్పాడు. ఆ పిల్ల అది నిజమనుకుని తండ్రి చెవిన వేసింది. సొంత ఇల్లు లేనివాడికి పిల్లనిచ్చేది లేదని ఆ పెద్దమనిషి ముందే తెగేసి చెప్పాడు మరి. అసలు యజమానురాలు ఓక్ అవ్వ కింది వాటాలోనే ఉంటుంది. గోడకు చిన్న బెజ్జం కనబడినా ఆ పూటే మూట సర్దుకోవాలని చేరినరోజే చెప్పింది. అన్నంత పనీ చేసే రకం. అందుకే తేసోక్‌ది ఈ టేపు బతుకు.

మున్‌గారు సంచిలోంచి పెద్ద గోడ గడియారం తీశాడు.

"పనులు సాఫీగా సాగాలని కొత్తింటికి అందరూ టాయిలెట్ పేపరు కట్టలు పట్టుకొస్తారు. నేను గడియారం తెచ్చాను. పది కాలాలు గుర్తుండాలి." తర్వాత సుత్తి తీశాడు. ఆ తర్వాత కాగితం పొట్లం విప్పితే అందులో మేకులు.

తేసోక్ గబగబా వెళ్లి గోడకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీకెందుకండీ శ్రమ? తర్వాత నేను కొట్టుకుంటా."

"ఒక్క మేక్కి శ్రమేంటి?"

"కాంక్రీటు గోడండీ, దిగదు."

"ఇవి కాంక్రీటు మేకులే. అడిగి మరీ కొన్నాను."

"ఆదివారం పూట చప్పుడైతే ఇరుగుపొరుగు గొడవకొస్తారు."

"నీ ఇంట్లో నువ్వు మేకు కొట్టుకుంటే మధ్యలో వాళ్లెవరు?"

తేసోక్ దగ్గర ఒక్క అస్త్రమే మిగిలింది. "అది కాదండీ, రోజు బాగుండాలిగా. దయ్యం తిరిగే రోజున మేకు కొడితే ఇంట్లోవాళ్లకి జబ్బు చేస్తుందంటారు."

"చాంద్రమానం లెక్క చూసుకునే బయల్దేరాను. ఇవాళ ఏ దిక్కునా ఏ దయ్యమూ లేదు. గోడకి అడ్డంగా నువ్వే ఉన్నావు, జరుగు."

తేసోక్ జరగలేదు. జరగడానికి చోటెక్కడిది? అగ్గిపెట్టెంత గది. అటు నరే, ఇటు బల్ల, వెనక గోడ, ఎదురుగా సుత్తి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో వాడికప్పుడు తెలిసొచ్చింది. ఒక్క దెబ్బ పడితే ఓక్ అవ్వ మెట్లెక్కి వస్తుంది, ఇల్లు పోతుంది. నోరు విప్పితే పిల్ల పోతుంది. నోరు విప్పకపోతే ఇల్లూ పిల్లా రెండూ పోతాయి.

మున్‌గారు స్టూలెక్కాడు. మేకును గోడకు ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు. తల వెనక్కి వంచి చూసుకున్నాడు. ఎంతకీ ఆయనకు చోటు కుదరడం లేదు. కింద ఓక్ అవ్వ దగ్గు వినిపించింది. తేసోక్ వీపున చెమట పట్టి చొక్కా గోడకు అతుక్కుంది.

సుత్తి లేచింది.

"కొట్టకండి," అన్నాడు కళ్లు మూసుకుని. "ఇల్లు నాది కాదు. అద్దెది, కింద ఉండే అవ్వది. మీకు అబద్ధం చెప్పాను."

నరే చేతిలో చాకు ఆగిపోయింది.

"నాకైనా చెప్పాల్సింది కదా," అంది మెల్లగా.

"చెబితే పోతావని భయమేసింది."

మున్‌గారు స్టూలు దిగాడు. మేకును తీసుకెళ్లి మిగతావాటితో కలిపి పొట్లం కట్టాడు. ఆ కట్టడం ఎంతకీ తెమలలేదు. ఇంతకంటే రెండు తిట్టి పోయినా బాగుండేదనిపించింది తేసోక్‌కు. అబద్ధమాడినందుకు సిగ్గేసింది, నరే వెళ్లిపోతుందంటే ఏడుపొచ్చింది.

"నరే," అన్నాడాయన.

నరే లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"బ్యాగెందుకే, కూర్చో. అబ్బాయ్, ఇంట్లో కాగితం టేపుందా?"

"ఉందండీ," అన్నాడు తేసోక్, ఏమీ అర్థం కాక.

"పట్రా. ఈ జిగురు టేపు తిన్నగా వాల్‌పేపర్ మీద వేశావు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కాగితమంతా చీరుకుని వస్తుంది, అప్పుడు మీ అవ్వ నీ తోలు చీరుతుంది. ముందు కాగితం టేపు వేసి, దాని మీద ఇది వేసుకోవాలి."

ఆయన గోడమీద కాగితం టేపు సాగదీసి బొటనవేలితో రుద్దాడు. దాని మీద రెండోది అంటించాడు. బీడింగ్ ముక్కను పెట్టి అరచేత్తో నొక్కాడు. మేకు పట్టుకున్నప్పుడు తడబడ్డ చేతులు ఇవేనా అనిపించేలా, అంతా చిటికెలో అయిపోయింది. ముక్క కదల్లేదు.

"మీకిదంతా ఎలా తెలుసండీ?" అన్నాడు తేసోక్.

నరే తల దించుకుంది. మున్‌గారు సుత్తిని సంచిలో పెట్టుకున్నాడు.

"బుద్ధెరిగాక సొంత గోడన్నది ఎరగను బాబూ, కనీసం అల్లుడి ఇంట్లోనైనా ఒక్క మేకు కొడదామని ఆశపడ్డాను."